పటం కింద పేరు

కత్‌బర్ట్ రోష్ కుర్చీలోంచి లేవను కూడా లేవలేదు. గోడకున్న పటం వైపు చెయ్యి ఊపి, "చూసుకో ఇస్మే, నీ ఇష్టమొచ్చినంతసేపు చూసుకో. చూడొద్దని ఎవరన్నారు?" అన్నాడు.

"చూడ్డానికి రాలేదు. ఇంటికి పట్టుకెళ్ళడానికొచ్చాను. శుక్రవారం తీసుకెళ్ళి, సోమవారం పొద్దున్నే తెచ్చి నా చేతులతో నేనే తగిలిస్తాను."

"అదే కుదరదంటున్నాను."

"పోయిన వారం కూడా ఇదే మాట."

"పోయిన వారమూ కుదరలేదు కదా మరి!"

ఇస్మేకి ఒళ్ళు మండింది. ఈ కత్‌బర్ట్ బళ్ళో ఆమె వెనక బెంచీలో కూచుని, ఆమె పలక చూసి లెక్కలు దింపుకున్నవాడు. ఇప్పుడు మెడకి టై బిగించి, ఫ్యాను కింద కూచుని, స్మారక మందిరానికి అధికారి అయిపోయాడు. మందిరమంటే ఏదో అనుకునేరు. ఒకప్పటి నిమ్మరసం కార్ఖానా అది. గోడలకి సున్నం కొట్టించి, తిమింగలం వెన్నుపూస ఒకటీ, తుప్పు పట్టిన ఫిరంగి గుళ్ళూ, ఎవరో దొరసాని పడుకున్న మంచమూ పెట్టి, పడవ దిగి వచ్చినవాళ్ళకి టిక్కెట్టు కొడతారు. ఇప్పటికీ వాన పడితే గోడల్లోంచి నిమ్మనూనె వాసన గుప్పుమంటుంది.

అందులో చూడదగ్గదంటూ ఉంటే ఆ పటమొక్కటే. మంచం దుప్పటంత ఉంటుంది. మా దీవులన్నీ అందులో ఉన్నాయి, పైన పెద్ద క్యూబా నుంచి కింద ట్రినిడాడ్ దాకా. మా తాతల కాలంలో ఏదో చలిదేశంలో అచ్చేశారట. ఒక్కో రంగుకీ ఒక్కో రాయి చెక్కి, ఒకదాని మీద ఒకటి అద్దారట. లోతు లేనిచోట సముద్రం లేత నీలం, ఇంకాస్త లోపల ముదురు నీలం, అంతకన్నా లోతైతే సిరా రంగు. ఇంగ్లీషువాళ్ళ దీవుల చుట్టూ ఎరుపు, ఫ్రెంచివాళ్ళ చుట్టూ ఆకుపచ్చ. మా దీవి దగ్గరికొచ్చేసరికి మాత్రం ఎరుపు కాస్త పక్కకి జరిగింది. సగం కొండకి రంగు లేదు, ఆ రంగంతా నీళ్ళలో పడింది. అచ్చువాడు మన దగ్గరికొచ్చేసరికి తాగేసి ఉంటాడని ఇస్మే తండ్రి, కెప్టెన్ హెజ్రన్ లెండోర్, వచ్చినవాళ్ళందరికీ చూపించి నవ్వేవాడు.

ఇప్పుడు ఆ పటం చట్రం కింది అంచున ఇత్తడి రేకు ఒకటి మెరుస్తోంది. 'ఎడ్మండ్ డ్రేపర్ గారి కానుక' అని దాని మీద.

"దీని మీద మా నాన్న పేరెందుకు లేదు కత్‌బర్ట్? పటం తెచ్చిచ్చింది నేను. తెరచాప గుడ్డలో చుట్టి, మిట్టమధ్యాహ్నం ఎండలో నెత్తిన పెట్టుకుని తెచ్చాను. కెప్టెన్ హెజ్రన్ జ్ఞాపకార్థం అని రాయిస్తామని ఈ కుర్చీలోనే కూచుని నువ్వే అన్నావు."

"అన్నాను. కాదంటున్నానా? కానీ ఫ్రేము కట్టించిందెవరు? ఇంత పెద్ద అద్దం పైదేశం నుంచి తెప్పించిందెవరు? డ్రేపర్ గారు. కమిటీ వాళ్ళు ఆయన పేరు వెయ్యమన్నారు, వేశాను."

"అద్దం ఇచ్చినవాడి పేరు అద్దం మీద రాయించు!"

"ఇదిగో, ఈ అరుపులే వద్దనేది. కమిటీ పెద్దాయన పెద్ద దీవి నుంచి రావాలి. వస్తే నేనే అడుగుతాను."

"ఎప్పుడొస్తాడు?"

"పడవ బాగుపడ్డాక."

"పడవ ఎప్పుడు బాగుపడుతుంది?"

"ఆ ముక్క ఆయనే చెప్పాలి."

ఇస్మే బల్ల మీద రెండు చేతులూ ఆనించి వంగింది. "శనివారం మా నాన్న సమాధికి రాయి లేపుతున్నాం. శుక్రవారం రాత్రి రాయి ఇంట్లో పడుకుంటుంది. ఆ రాత్రి పటం ఇంట్లో ఉండి తీరాలి. ఇది నా మాట కాదు, ఆయన మాట."

రోష్ ఆమె మొహంలోకి చూడకుండా టై సర్దుకున్నాడు. "సిస్సీ అత్తకి కల్లో కనబడ్డాడంట కదా. విన్నాను."

"విని కూడా ఇలా మాట్లాడుతున్నావా?"

"కలలకి కమిటీ లేదు ఇస్మే. నన్నేం చెయ్యమంటావు?"

*

సిస్సీ అత్త మెట్ల మీద కూచుని ఒళ్ళో చేట పెట్టుకుని పచ్చికందులు ఒలుస్తోంది. కెప్టెన్‌కి అక్క. రెండు కళ్ళకీ పొరలు కమ్మాయి. అయినా వేళ్ళు ఎక్కడా తడబడవు, పురుగున్న కాయని ఒలవకుండానే పక్కన పడేస్తుంది.

"ఇచ్చాడా?" అంది అడుగుల చప్పుడు విని.

"ఇస్తాడు, ఇస్తాడు. వాడి పడవ బాగుపడాలట."

"ఎవరి పడవ?"

"ఎవరిదో ఒకరిది. నన్ను కదిలించకు అత్తా, తల బద్దలైపోతోంది."

ఇస్మే మామిడిచెట్టు కింద పరిచిన తెరచాప ముందు చతికిలబడి, అరచేతికి తోలుపట్టీ ఎక్కించుకుని, దారానికి మైనం పట్టించింది. చేపలవాళ్ళు ఈ తెరచాప కోసం తొందరపెడుతున్నారు. సూదిని తోలుపట్టీతో నెట్టి, అవతల నుంచి లాగి, మళ్ళీ నెట్టి, కుట్టు మీద కుట్టు పడుతోంది గానీ మనసంతా ఆ ఇత్తడి రేకు మీదే ఉంది.

"లాగడం గట్టిగా లేదు. చప్పుడు తెలుస్తోంది. ఆ మూల ఊడొస్తుంది," అంది అత్త.

"సరేలే అత్తా."

"సరే కాదు, చూసుకో."

"సరేనన్నాగా."

చూసుకోలేదు. అత్త మళ్ళీ చెప్పలేదు.

మా దీవిలో చచ్చినవాళ్ళు అడిగితే లేదనేవాడు లేడు. బతికున్నవాళ్ళు అడిగితే రేపు రమ్మంటాం గానీ, చచ్చినవాళ్ళు కల్లోకి వచ్చి మొక్కజొన్న ముద్ద అడిగితే ముద్ద, గొర్రె అడిగితే గొర్రె. పోయిన ఏడు కొండమీది డోర్లీకి వాళ్ళ తాత కనబడి సైకిలు దీపం అడిగాడు. బతికుండగా సైకిలెక్కిన మనిషి కాదు. అయినా కొని, వెలిగించి, సమాధి మీద పెట్టొచ్చారు. అలాంటిది, కెప్టెన్ హెజ్రన్ అంతటివాడు అక్క మంచం దగ్గరికొచ్చి నిలబడి పటం అడిగాడంటే ఊళ్ళో నవ్వినవాళ్ళెవరూ లేరు.

"ఇంకోసారి చెప్పు అత్తా. సరిగ్గా ఏమన్నాడు నాన్న?"

"ఎన్నిసార్లు చెప్పాలే? కాళ్ళ దగ్గర నిలబడ్డాడు. బట్టల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. 'సిస్సీ, పటం ఏదీ?' అన్నాడు. అంతే."

"కూతుర్ని నేనుండగా నీ దగ్గరికెందుకొచ్చాడంట?"

"నువ్వు పడుకుంటే దుంగవి. నీ కల్లోకి ఎవరొచ్చినా, లేపి లేపి విసుగెత్తి వెళ్ళిపోవాల్సిందే."

ఇస్మేకి నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. గొర్రెలు పెరట్లో కట్టేసి ఉన్నాయి. డప్పులవాళ్ళకి మాటిచ్చేశారు. ట్రినిడాడ్ నుంచి, యూనియన్ దీవి నుంచి బంధువులు శుక్రవారం పడవకి దిగుతున్నారు. ఇన్నేళ్ళుగా నాన్న గొయ్యి చుట్టూ శంఖాలు తప్ప ఇంకేం లేవు. ఒక ఏడు చేపలు లేవు, ఒక ఏడు వానల్లేవు, ఇప్పటికి వీలు చిక్కింది.

"ఒకవేళ పటం రాకపోతే?" అంది మెల్లిగా.

"రాకపోతే రాయి లేవదు."

"అత్తా!"

"నేను సమాధి దగ్గరికి రాను. నీళ్ళూ రమ్మూ నేను పొయ్యను. పొయ్యాల్సింది ఇంటికి పెద్దది. నేను పొయ్యకుండా ఎవరు లేపుతారో లేపుకోండి." చేట దులిపి, కర్ర వెతుక్కుని, లోపలికి వెళ్ళిపోయింది.

*

మర్నాడు ఇస్మే డ్రేపర్ దగ్గరికి వెళ్ళింది. సముద్రం ఒడ్డున ఆయన అతిథి గృహం, తెల్లటి వరండా, వేలాడే కుండీలు. ఆయన మర్యాద తెలిసిన మనిషి. కుర్చీ వేయించాడు. మంచుముక్కలేసి జామరసం ఇప్పించాడు. రంగు పటాల గురించి ఆమెకి అక్కర్లేని సంగతులు చాలా చెప్పాడు.

"మీరన్నది నూటికి నూరుపాళ్ళూ న్యాయం, మిస్ లెండోర్. నా పేరు పెట్టమని నేనడగలేదు. చూసి నాకే సిగ్గేసింది."

"అయితే తీసెయ్యమని ఒక్క మాట చెప్పండి. ఆ పటం మూణ్ణాలుగు రోజులు నాకిమ్మని ఇంకో మాట చెప్పండి. చాలు."

ఆయన గడ్డం నిమురుకున్నాడు. "ఇక్కడి వ్యవహారాల్లో పైనుంచి వచ్చినవాణ్ణి నేను వేలు పెడితే బాగోదు. మిస్టర్ రోష్ ఏం చేసినా నాకు అభ్యంతరం లేదని చెప్పండి."

"ఆయన మీ పేరు చెబుతున్నాడు. మీరు ఆయన పేరు చెబుతున్నారు."

"ఇంకాస్త రసం పొయ్యమంటారా?"

ఎవరి తప్పూ కాదు, పని మాత్రం కాదు. ఇస్మే గ్లాసు అక్కడే వదిలేసి లేచింది. ఇసకలో నడుస్తుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఏడుపుతో కాదు, ఉక్రోషంతో. తిట్టినవాణ్ణి తిట్టొచ్చు. జామరసం ఇచ్చినవాణ్ణి ఏమని తిట్టాలి? ఆ రేకు ఊడబెరికి సముద్రంలో విసిరేస్తే ఎలా ఉంటుందని దారిపొడుగునా అనుకుంటూనే ఉంది. ఇంటికొచ్చి చూస్తే తెరచాప మూల ఊడి వేలాడుతోంది. ఆ కుట్టంతా విప్పి మళ్ళీ కుట్టుకుంటూ కూచుంది.

గురువారం చేపల బజార్లో కత్‌బర్ట్ దొరికాడు. టై మీద పడకుండా చేపని తోక పట్టుకుని దూరంగా పెట్టి బేరం చేస్తున్నాడు. చేపలమ్మే యూలీన్ కత్తి పక్కన పెట్టి, "అదిగో, నీ పటం వస్తోంది," అని నవ్వింది.

"ఇస్మే, ఇది ఆఫీసు కాదు," అన్నాడు వాడు ముందే.

"నాకు తెలుసు. అందుకే అరవడానికొచ్చాను." కానీ అరవలేదు. బుట్ట కింద పెట్టి, చుట్టూ ఆడవాళ్ళు ఒకరొకరే నోళ్ళు మూసుకునేదాకా ఆగింది. "కత్‌బర్ట్, నేను అలిసిపోయాను. ఇంక నీ దగ్గరికి రాను. డ్రేపర్ దగ్గరికీ వెళ్ళను. రేపు రాయి ఇంటికొస్తుంది. ఈ రాత్రి నాన్న మళ్ళీ వస్తాడు, పటం ఏదని అడుగుతాడు. నా దగ్గర లేదు నాన్నా, కత్‌బర్ట్ రోష్ దగ్గరుంది అని చెప్పమంటాను అత్తతో. పోస్టాఫీసు వెనక సందు, పచ్చతలుపు ఇల్లు, వీధి మెట్లున్నాయి, జాగ్రత్తగా ఎక్కమని కూడా చెప్పమంటాను. ఆ తర్వాత మీరూ మీరూ చూసుకోండి."

ఎవరూ నవ్వలేదు. యూలీన్ గబుక్కున సిలువ గుర్తు వేసుకుంది.

"ఇవేం మాటలు! నేను చదువుకున్నవాణ్ణి ఇస్మే," అన్నాడు కత్‌బర్ట్.

"ఆయనా చదువుకున్నవాడే. తలుపు మీద పేరు చదవగలడు."

వాడి చేతిలో చేప జారి కింద పడింది. ఏరుకోకుండానే వెళ్ళిపోయాడు. యూలీన్ దాన్ని కడిగి మళ్ళీ బల్ల మీద పెట్టుకుంది.

*

శుక్రవారం మధ్యాహ్నం రాయి వచ్చింది. తాపీవాళ్ళు బండిలోంచి దింపి, తల వైపు ముందుకి పెట్టి, అడుగులో అడుగేసి ఇంట్లోకి మోశారు. కెప్టెన్ మంచం మీద ఇస్త్రీ చేసిన దుప్పటి పరిచి ఉంది. తలగడ కూడా పెట్టారు. రాయిని దాని మీద పడుకోబెట్టి, పేరు కనబడేలా పైన ఇంకో దుప్పటి కప్పి, తల దగ్గరా కాళ్ళ దగ్గరా కొవ్వొత్తులు వెలిగించారు. 'కెప్టెన్ హెజ్రన్ లెండోర్' అని అక్షరాలు నల్లగా, లోతుగా పడ్డాయి. ఇస్మే వేలితో తడిమి చూసింది. బాగా వచ్చింది. కానీ ఏం లాభం? అత్త ముందు గదిలో కర్ర మీద గడ్డం ఆనించి కూచుని ఉంది. రేపటికి ఏ గౌను, ఏ టోపీ అని ఎవరడిగినా పలకడం లేదు. బంధువులు గుసగుసలాడుకుంటున్నారు. పెరట్లో రాగి బానల్లో నీళ్ళు మరుగుతున్నాయి.

అప్పుడు వీధిలో మినీబస్సు ఆగింది. కత్‌బర్ట్ రోష్ దిగాడు. టై లేదు. ఎవరి సాయమూ తీసుకోకుండా, దుప్పట్లో చుట్టిన పెద్ద చట్రాన్ని రెండు చేతులతో పొట్టకి ఆనించుకుని, పీతలా పక్కకి నడుస్తూ వచ్చాడు.

"నాకేం కనబడలేదు," అన్నాడు గుమ్మంలోనే.

"నేనడిగానా?" అంది ఇస్మే.

"ఏం కనబడలేదు. కానీ పొద్దున లేచేసరికి మెట్ల మీద నీళ్ళున్నాయి. రాత్రి వాన పడిందా? పడలేదు. పక్కింటివాళ్ళని అడిగాను, పడలేదన్నారు." వాడి పెదవులు తడారిపోయి ఉన్నాయి. "కమిటీతో నేను చెప్పుకుంటాను. రేకు కూడా మార్పిస్తాను. ఇప్పటికి ఇది అంటించాను. సరిపోతుందా? సరిపోతుందని చెప్పు, వినబడేట్టు చెప్పు." అంటూ రాయి ఉన్న గది వైపు చూశాడు.

ఇత్తడి రేకు మీద తెల్ల అట్టముక్క అంటించి ఉంది. దాని మీద వాడి గుండ్రటి దస్తూరీలో 'కెప్టెన్ హెజ్రన్ లెండోర్ కానుక' అని రాసి ఉంది.

ఇస్మే ఆ అక్షరాలు రెండుసార్లు చదివింది. ఇన్ని రోజుల కోపం ఒక్కసారి దిగిపోయింది. "సరిపోయింది కత్‌బర్ట్. కూచో. రమ్ము తాగు," అంది. వాడు నిలబడే తాగాడు, ఇంకోటి పోయించుకుని అదీ తాగి, మంచం వైపు తిరిగి తల వంచి, వెళ్ళిపోయాడు.

*

బంధువులు పెరట్లో గొర్రెల దగ్గరుండగా అత్త తలుపు వేయించింది. "బల్ల మీద పెట్టి అద్దం తియ్యి," అంది.

"పగిలితే ఎలా అత్తా? పైనుంచి చూస్తే చాలదా?"

"నేను చూస్తానా? నాకు కళ్ళున్నాయా? తియ్యి."

'సరేలే అత్తా' అని అనబోయి ఇస్మే ఆగిపోయింది. అత్త గొంతులో ఏదో ఉంది. చట్రాన్ని బోర్లించి, తాళ్ళ ముడులు విప్పే ఇనపచీలతో సన్న మేకులు ఒక్కొక్కటే లేపి, వెనక చెక్క తీసి, పటాన్ని రెండు చేతుల మీద ఎత్తి బల్ల మీద పరిచింది. అద్దం కింద నుంచి బయటికొచ్చిన నీలం ఇంకా నీలంగా ఉంది.

అత్త బేసిన్లో చేతులు కడుక్కుని, పావడాకి ఒకటికి రెండుసార్లు తుడుచుకుని, అరచెయ్యి కాయితం మీద ఆనించింది. అంచు పట్టుకుని కొలుచుకుంటూ వచ్చి, వేలు ఒకచోట ఆపింది. "ఇది సెయింట్ విన్సెంట్. కిందికొస్తే బెక్వే. ఇదిగో కానువన్. ఇక్కడ నీళ్ళు లేత నీలం, పడవ అడుగు తగులుతుంది. ఇది యూనియన్. ఇక్కడ..." వేలు కొంచెం వెనక్కి జరిగింది. "ఇక్కడ మనం. ఎరుపు నీళ్ళలో పడ్డచోట."

వేలు సరిగ్గా అక్కడే ఉంది. ఇస్మే నోరు తెరుచుకుని చూసింది. "నాన్న నేర్పాడా అత్తా?"

"మీ నాన్నకి నేను నేర్పాను."

ఇస్మేకి అర్థం కాలేదు.

"పెద్ద తోట బంగళాలో నేను బట్టలుతికేదాన్ని. దొరలు దీవి వదిలి పోతుంటే పనివాళ్ళని పిలిచి, తలా ఒక వస్తువు తీసుకోమన్నారు. ఒకతె రాగి బాన తీసుకుంది. ఒకతె పరుపు. నేను గోడ మీద పటం అడిగాను. రోజూ దాని కిందే నేల తుడిచేదాన్ని. తలెత్తి చూసేదాన్ని. మా అమ్మ కర్ర విరిగేదాకా కొట్టింది, అందరూ గిన్నెలు తెస్తే ఇది కాయితం తెచ్చిందని." అత్త నవ్వింది. "చిరిగితే అన్నం గంజితో అతికించాను. పేర్లన్నీ చదువుకున్నాను. నాకు సముద్రం మీదికి పోవాలని ఉండేది. ఆడపిల్లని ఎవరెక్కించుకుంటారు? హెజ్రన్‌కి చిన్నప్పుడు ఒళ్ళో కూచోబెట్టుకుని చూపించాను, ఇది ఇదిరా అని. వాడికి సొంత పడవ వచ్చిన రోజు గోడ మీంచి తీసుకుపోయి పడవ గదిలో మేకు కొట్టుకున్నాడు. అడగలేదు. ఊరికి నవ్వుతూ చూపించుకున్నాడు కదా, అక్కది అని ఎవరికన్నా చెప్పాడా?"

"నాకు చెప్పలేదు," అంది ఇస్మే.

"నువ్వూ అడగలేదు. నెత్తిన పెట్టుకుని ఈ మెట్ల మీంచే దిగావు."

అది గుర్తుంది. చేటతో అత్త ఇదే మెట్ల మీద కూచుని ఉంది. ఎక్కడికే అని అడిగింది. మందిరానికి అత్తా, నాన్న పేరు వేస్తారట అని నడుస్తూనే చెప్పింది ఇస్మే. అప్పుడు అత్త ఇంకేదో అంది. ఏమందో ఇప్పుడెంత తల బాదుకున్నా గుర్తు రావడం లేదు.

"మరి నాన్న కల్లో..."

"కలా లేదు, గిలా లేదు. మీ నాన్న ఒక్కనాడు కూడా నా కల్లోకి రాలేదు. బతికున్నప్పుడే పిలిస్తే రాని మనిషి, చచ్చాక వస్తాడా?"

"అత్తా!" ఇస్మే తలుపు వైపు చూసింది, ఎవరైనా విన్నారేమోనని. "కత్‌బర్ట్ మెట్ల మీద నీళ్ళు..."

"వాడి పెళ్ళాం కడిగి ఉంటుంది."

ఇస్మేకి ఏడుపూ నవ్వూ ఒకేసారి తన్నుకొచ్చాయి. "నాదీ పటం, నాకు కావాలి అని ఒక్క మాట అనొచ్చు కదా అత్తా? ఇన్ని రోజులు వాడి గుమ్మం చుట్టూ తిప్పావు, ఆ డ్రేపర్ ముందు కూచోబెట్టావు..."

"అంటే ఏమనేదానివి?"

ఇస్మే ఊడదీసిన మేకులు ఒకచోటికి పోగుచేసింది.

"సరేలే అత్తా, అనేదానివి. సూది ఆపకుండా అనేదానివి. ఈ దీవిలో చచ్చినవాళ్ళ మాటకే విలువ. నేనింకా ఆ హోదాకి రాలేదు." అత్త చెయ్యి పటం మీద నుంచి తియ్యలేదు. "ఆ డ్రేపర్ పేరు చదివి నీకు ఒళ్ళు మండింది కదా. బస్సెక్కి నేను వెళ్ళాను ఒకసారి. రేకు తడిమి చూశాను. వాడి పేరుంటే ఏం, మీ నాన్న పేరుంటే ఏం, నాకు రెండూ ఒకటే. అట్టముక్క పీకెయ్యి. మీ నాన్న పేరు రాయి మీద ఉంది కదా, అది చాలదా?"

పెరట్లో ఎవరో ఇస్మేని పిలుస్తున్నారు, ఉప్పెక్కడుందని. ఇస్మే గోరుతో అట్టముక్క అంచు లేపింది. జిగురు ఇంకా తడిగా ఉంది. అట్టముక్క తేలిగ్గానే ఊడొచ్చింది.

*

శనివారం రాయి లేచింది. అత్త కొత్త టోపీ పెట్టుకుని, ఇస్మే భుజం పట్టుకుని సమాధి దగ్గరికొచ్చి, ముందు నీళ్ళు, తర్వాత రమ్ము పోసింది. "నీ రాయి నీకిచ్చాం హెజ్రన్. ఇంక మమ్మల్ని సతాయించకు," అంది పైకి. అందరూ కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఇస్మే ఒక్కతే అత్త మొహం వైపు చూసింది.

ఇంటికొచ్చాక తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద పెద్దల పళ్ళెం పెట్టారు, అన్నం ముద్దలు, మొక్కజొన్న ముద్ద, కందులు, గొర్రెమాంసం. పెరట్లో డప్పులు అందుకున్నాయి. మొదట క్షమాపణ ఆట. ఇంటివాళ్ళందరూ మోకాళ్ళ మీద కూచుని, తెలిసీ తెలియక చేసిన తప్పులకి పోయిన పెద్దల్ని మన్నించమని అడగాలి. బంధువులు సమాధి ఉన్న కొండ వైపు తిరిగి మోకాళ్ళూనారు. ఇస్మే వాళ్ళ పక్కన నిలబడింది. ఒక్క క్షణం ఆగి, వెనక్కి తిరిగి, గుమ్మం పక్క కుర్చీలో ఉన్న అత్త ముందు మోకాళ్ళ మీద కూలబడింది.

అత్త చెయ్యి చాపి తల తడిమి, ఎవరో పోల్చుకుంది. "ఇటేంటే? నేనింకా చావలేదు. అటు తిరుగు."

"తిరగను."

"అందరూ చూస్తున్నారు."

"చూడనీ." ఇస్మే ఆ చెయ్యి పట్టుకుంది. ఏళ్ళ తరబడి సబ్బునీళ్ళు తిన్న చెయ్యి అది. "సోమవారం కత్‌బర్ట్ దగ్గరికెళ్ళి ఆ రేకు పీకించి వేరేది కొట్టిస్తాను. మళ్ళీ ఏం తిప్పలు పెడతాడో, పెట్టనీ. సిస్సీ లెండోర్ కానుక అని..."

"సిస్సీ ఏంటే, పిల్లిని పిలిచినట్టు! అది మా అమ్మ ముద్దుకి పెట్టింది. రాయిస్తే నా పేరు రాయించు."

ఆ పేరేమిటో ఇస్మేకి తెలియదు. మా దీవిలో ఇంట్లో పిలిచే పేరు ఒకటి, అసలు పేరు ఒకటి. అసలు పేరు పాస్టరుకి తెలుసు. ఆ తర్వాత, మనిషి పోయిన రోజు రేడియోలో చదివితే ఊరికి తెలుస్తుంది. పుట్టినప్పటి నుంచీ ఈ మనిషి చేతి ముద్ద తిని, ఈ మనిషి దగ్గర సూది పట్టడం నేర్చుకుని, ఒక పేరు కోసం ఊరంతా తిరిగి అరిచిన ఇస్మే, తల దించుకుంది.

"అత్తా... నీ పేరేంటి?"

డప్పులు మోగుతూనే ఉన్నాయి. అత్త పొరలు కమ్మిన కళ్ళు ఆమె మొహం మీదే నిలిచాయి.

"నా రాయి చెక్కించేటప్పుడు తెలుసుకుందామనుకున్నావా?"

ఇస్మే ఏడ్చేసింది. అత్త ఆమెని కాసేపు ఏడవనిచ్చింది. తర్వాత గడ్డం పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"యుడోరా. యుడోరా క్లెమెంటీన్ లెండోర్. చెప్పు."

ఇస్మే చెప్పింది.

"వినబడలేదు. గట్టిగా చెప్పు."

ఇస్మే గట్టిగా చెప్పింది.